నెత్తి మీద గూడు

వేటపక్షులు ఎత్తున పెట్టుకునే గూటికి మన భాషలో విడిగా ఒక మాట లేదన్న సంగతి నాకు ఒక ఉత్తరం ద్వారా తెలిసింది. రాసినావిడ ఎవరో అనువాదకురాలు. "ఇతర భాషల్లో దీనికి ఒకే ఒక్క మాట ఉంది. మనకుందా? లేకపోతే లేదని చెప్పండి, నా తిప్పలు నేను పడతాను" అని రాసింది. ఆ చివరి ముక్క నాకు గుచ్చుకుంది. నిఘంటువు ఆఫీసులో పాతికేళ్ళుగా కూర్చుని మాటలకు అర్థాలు రాస్తున్నవాణ్ణి. 'లేదు' అన్న మాట మా ఆవిడ నోట వినడమే గాని, నేను బయటివాళ్ళకు చెప్పి ఎరగను.

ఇక్కడ మా ఆఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పాతికేళ్ళు పనిచేసిన సంపాదకుడు తాను సొంతంగా పుట్టించిన మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, కొత్త ముద్రణ చివర అనుబంధంలో చేర్చుకోవచ్చు. మిగతా మాటలన్నిటికీ ఎవరైనా ఎక్కడైనా రాసినట్టు ఆధారం చూపించాలి. ఈ ఒక్కదానికి మాత్రం అక్కర్లేదు. సన్మానానికి బదులు మాట అన్నమాట. నాకు ముందు రిటైరయినాయన మడిచిన గొడుగు నుంచి కారే నీళ్ళకు ఒక మాట పుట్టించాడు. అంతకుముందాయన, జతలో ఒకటి పోయాక మిగిలిన చెప్పుకు. ఆ రెండు మాటలూ నిఘంటువులో ఉన్నాయి. నిఘంటువులో తప్ప మరెక్కడా లేవు. వాళ్ళను చూసి కడుపుబ్బ నవ్వుకున్నవాణ్ణి నేను. నా మాట అలా కాకూడదని పట్టుబట్టాను.

మూడు నెలలు బుర్ర బద్దలుకొట్టుకుని నేను పుట్టించిన మాట ఇది: ఉత్తుంగశ్యేనకులాయం.

నవ్వకండి. ఉత్తుంగం అంటే చాలా ఎత్తయినది, శ్యేనం అంటే డేగ, కులాయం అంటే గూడు. మూడూ నికార్సయిన మాటలు. నేను పుట్టించానని కాదుగాని, పలికితే నోరు నిండుతుంది. మా ఆవిడకు వినిపిస్తే, "రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలి? భోజనానికి ముందా, తర్వాతా?" అని అడిగింది.

అర్థం కూడా రాసి పెట్టుకున్నాను. 'మానవ సంచారానికి అందనంత దూరాన, మహోన్నత గిరిశిఖరాలపై వేటపక్షులు నిర్మించుకొను గూడు.' ఆ మానవ సంచారం దగ్గర నాకు నేనే ముచ్చటపడి కింద రెండు గీతలు కూడా గీశాను. ఇంతా చేసి నేను ఏ శిఖరమూ ఎక్కలేదు. ఎత్తు నుంచి కిందికి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అయిదో అంతస్తులో నా కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. ఇంట్లో బల్బు మార్చాలంటే నిచ్చెన మా ఆవిడే ఎక్కుతుంది. నేను కింద పట్టుకుని జాగ్రత్తలు చెబుతుంటాను.

ఆఫీసులో నా మాట విని అందరూ "ఆహా" అన్నారు. మొహం మీద అడిగింది ఒక్క అక్కయ్యగారే.

"గద్ద గూడు అంటే సరిపోదా పండితులుగారూ?"

పండితులుగారు అన్నది నాకు ఆఫీసులో పెట్టిన పేరు. గౌరవంతో పెట్టారో వెక్కిరింతకు పెట్టారో నేనెప్పుడూ ఆరా తియ్యలేదు. తీస్తే తెలిసిపోతుందని భయం. ఇక అక్కయ్యగారంటే మా కార్డుల గది చూసుకునే మనిషి. మా నిఘంటువంతా కార్డుల మీదే ఉంటుంది. ఒక్కో మాటకు అరచెయ్యంత కార్డు. పైన మాట, దాని కింద అర్థం, ఆ కింద ఆ మాట ఎక్కడ దొరికిందో ఆ ఆధారం. కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టి, 'క' దగ్గర ఆగి, ఆరేళ్ళయింది. కాబట్టి లక్షకు పైగా కార్డులూ నాలుగు గోడల సొరుగుల్లో, ఆవిడ చేతి కిందే ఉంటాయి.

ఇరవయ్యారేళ్ళలో ఆవిడ దగ్గర ఒక్క కార్డు పోలేదు. అందుకని ఈసారి ముందుమాటలో పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకుడు, ఆవిడ పేరు వేసి ఒక వాక్యం రాశాడు. 'ఒక్క మాటనైనా జారిపోనివ్వక ఇరవయ్యారేళ్ళు కార్డులను కాపాడినవారు' అని. కార్డుల గది మనిషి పేరు పుస్తకంలోకి ఎక్కడం అదే మొదటిసారి. ఆవిడ ఆ పేజీ జిరాక్సు తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో వేసుకుని తిరగడం నేను చూశాను. వచ్చే ఏడాది ఆవిడ రిటైరవుతుంది.

కార్డుల గదికి ఒకటే నియమం. కార్డులు తీసుకున్నవాళ్ళు రిజిస్టరులో రాయాలి. ఏ కార్డులు, ఎవరు తీసుకున్నారు, ఎక్కడున్నాయి. మూడు గళ్ళు, ఒక సంతకం. ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. అందుచేత అది నాకు వర్తించదనుకునేవాణ్ణి.

నా మాట పక్కన పెట్టి చూసుకోవడానికి 'గూడు' కార్డు కావలసివచ్చింది. గుంజ నుంచి గూడు దాకా ముప్పై ఏడు కార్డులు, ఎర్ర నాడాతో కట్టిన ఒక కట్ట. అక్కయ్యగారు ఫోనులో మాట్లాడుతోంది. నేను ఆవిడకు చెయ్యి ఊపి, కట్ట పట్టుకుని వచ్చేశాను. చూస్తే గూడు కార్డు మీద అతికించిన కాగితం ముక్క ఊడివస్తోంది. జిగురు రాసి అతికించాను. కార్డు వంకర పోకుండా కట్టంతా మళ్ళీ నాడాతో బిగించి, కిటికీ బయట గట్టు మీద ఎండలో పెట్టాను. పెట్టడం కూడా మొహం గది వైపు తిప్పుకుని, చెయ్యి ఒక్కటే బయటికి చాపి. తర్వాత టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కట్ట లేదు.

అక్కయ్యగారు సర్దేసి ఉంటారనుకున్నాను. ఎవరి బల్ల మీద కార్డులు కనిపించినా ఆవిడ ఏరుకుపోవడం మామూలే. వెళ్ళి అడగొచ్చు. అడిగితే సంతకం సంగతి బయటికొస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాను.

పది రోజులు గడిచేసరికి ఆఫీసంతా గగ్గోలు. 'గ' అక్షరం అచ్చుకు పంపేముందు చూసుకుంటే ముప్పై ఏడు కార్డులు లేవు. అక్కయ్యగారు సొరుగులన్నీ లాగి నేల మీద బోర్లించింది. బీరువాల వెనక చీపురు పెట్టి కెలికింది. భోజనం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకుపోవడం మొదలుపెట్టింది. మూడో రోజు నా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మెల్లిగా అడిగింది.

"పండితులుగారూ, గుంజ కట్ట మీరుగాని తీసుకున్నారా? మీరు చెయ్యి ఊపినట్టు లీలగా గుర్తు నాకు."

అప్పుడు నేను అవును అనవలసింది. తీసుకున్నాను, తర్వాత మీరే సర్దారనుకున్నాను అంటే అక్కడితో అయిపోయేది. నేనేమన్నానో తెలుసా?

"రిజిస్టరులో సంతకం ఉందా?"

"లేదండీ."

"మరి?"

ఆ 'మరి' అబద్ధం కాదు. ఏ నిఘంటువు తిరగేసినా దానికి అబద్ధం అన్న అర్థం దొరకదు. పాతికేళ్ళు మాటల మధ్య బతికినవాడికి, అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం ఆ మాత్రం చేతకాదా.

"అంటే నేనే ఊహించుకున్నానన్నమాట" అంది. తర్వాత, నాతో కాదు, తలుపుతో చెబుతున్నట్టు, "మా అమ్మకీ ఇలాగే మొదలైంది" అంది.

ఆవిడ తల్లి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. చివరి నాలుగేళ్ళూ ఆ ముసలావిడ కన్నకూతురికేసి చూసి "ఎవరమ్మా నువ్వు, ఏం కావాలి?" అని అడిగేది. అది తెలిసి కూడా నేను తలెత్తలేదు. నా ముందు 'గర్వం' కార్డు ఉంటే, దాన్ని దిద్దుతున్నట్టు నటించాను. ఆవిడ వెళ్ళిపోయింది.

పెద్దాయన నన్నే నివేదిక రాయమన్నాడు, నా భాష బాగుంటుందని. రాశాను. 'రిజిస్టరునందు సంతకము లేనందున కార్డులను ఎవరును గైకొనలేదనియు, కావున అవి సంరక్షకురాలి అధీనముననే అదృశ్యమైనవనియు తేటతెల్లము.' ఒక్క తప్పు లేదు, ఒక్క కామా ఎక్కువ లేదు. పెద్దాయన అది చదివి, ముందుమాటలో ఆవిడ వాక్యం చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. ముందుమాట శుక్రవారం మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్ళాలి. ఆలోగా కార్డులు దొరక్కపోతే ఆ వాక్యం తీసెయ్యాలి. కార్డులు పోగొట్టిన మనిషిని కార్డులు కాపాడినవారు అని ఎలా వేస్తాం అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు. తప్పంతా నా నివేదికలో ఉంది.

గురువారం సాయంత్రం నేను లిఫ్టు కోసం నిలబడి ఉండగా ట్యాంకు కడిగే మనిషి డాబా మెట్లు దిగి వచ్చాడు. నెత్తి మీద గుడ్డ అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం.

"ఏమైందయ్యా?"

"గద్ద తన్నింది సార్. పైన పాత యాంటెన్నా స్తంభం ఉంది చూడండి, దాని కొసన గూడు పెట్టింది. పిల్లలున్నాయి. ట్యాంకు దాపులకి రానివ్వట్లేదు."

"గద్దా? మన ఆఫీసు మీదా?"

"రెండు నెలలైంది సార్. సరిగ్గా మీ కిటికీ పైనే. మీరు చూళ్ళేదా?" అని, జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇది గూటి కింద పడుంది. మీదేనేమో చూడండి. పైన ఇంకా బోలెడున్నాయి. వాటికి గుడ్డముక్కలన్నా కాయితాలన్నా మోజు. ఎర్రగా కనిపిస్తే మరీను."

అది అరచెయ్యంత కార్డు. పైన 'గువ్వ' అని ఉంది. కింద అర్థం నా దస్తూరీలోనే ఉంది. ఆధారం ఉండాల్సిన చోట రెట్ట ఉంది.

లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. రెండు నెలలుగా కీచుమని అరుపు వినిపిస్తుంటే లిఫ్టుకు నూనె వెయ్యమని ఉత్తరం రాసింది నేనే. పాపం మెకానిక్కు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు నూనె పోసి, రెండుసార్లూ "దీంట్లో ఏం లేదు సార్" అని చెప్పి వెళ్ళాడు. మూడో ఉత్తరంలో అతని పనితనం గురించి ఒక పేరా రాశాను. కిటికీ గట్టు మీద తెల్ల మరకలు కనిపిస్తే గోడలకు రంగులు వేసేవాళ్ళను తిట్టాను. ఒకరోజు అదే గట్టు మీద ఎలక తోక దొరికింది. పక్క సెక్షన్ వాళ్ళ ఆకతాయి పనే అనుకుని వారం రోజులు వాళ్ళతో మాటలు మానేశాను. మూడు నెలలు గిరిశిఖరాలన్నీ గాలించాను కదా. మానవ సంచారానికి అందనంత దూరం ఎంతో ఆ సాయంత్రం తేలింది. నా కుర్చీ నుంచి నిలువునా పాతిక అడుగులు.

అప్పుడైనా అక్కయ్యగారి దగ్గరికి పరిగెత్తి ఉండాల్సింది. నేను కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను. దారిలో ఒక ఉపాయం తట్టింది. తెల్లారి ఎవరూ రాకముందే పైకెక్కుతాను. కార్డులన్నీ తీసుకొచ్చి, తుడిచి, ఏదో సొరుగు వెనక జారవిడుస్తాను. అక్కయ్యగారికే దొరుకుతాయి. ఆవిడ వాక్యమూ నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది.

మా ఆవిడకు అంతా చెప్పాను. చేతిలో పని ఆపి విన్నది.

"తప్పు నాదే అన్న రెండు ముక్కలు నోరు తెరిచి చెప్పలేక స్తంభం ఎక్కుతారా? బల్బుకే ఎక్కని మనిషి?"

"నీకు అర్థం కాదు. ఆఫీసులో నాకొక స్థాయి ఉంది."

"ఉంది కాబట్టే పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది" అంది. "నెత్తికి ఏదైనా పెట్టుకోండి."

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకు డాబా మీద ఉన్నాను. ట్యాంకు మనిషి వదిలేసిన ప్లాస్టిక్ బకెట్ కనిపిస్తే బోర్లించి నెత్తిన పెట్టుకున్నాను. దాని పిడి గడ్డం కిందికి సరిగ్గా సరిపోయింది. స్తంభానికి ఇనప మెట్లు పదకొండు. మొదటి మూడూ ధైర్యంగా ఎక్కాను. నాలుగో మెట్టు మీద ఇంటి కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో గుర్తుచేసుకున్నాను. ఏడో మెట్టు దగ్గర బకెట్ మీద ఎవరో బండతో కొట్టినట్టు దబ్బుమని మోగింది. గద్ద. ఒకసారి తన్ని, చుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చి తన్నింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కిందికి దిగుదామంటే కిందికి చూడాలి. చూడలేను కాబట్టి పైకే ఎక్కాను. నా జీవితంలో నేను సాధించినవన్నీ ఇంచుమించు ఇలాగే సాధించాను.

చివరి మెట్టు మీద నిలబడి, బకెట్ అంచు కొంచెం ఎత్తి చూశాను.

గూడు నా మొహానికి జానెడు దూరంలో ఉంది. అందులో మహోన్నతం అన్నది ఏమీ లేదు. ఎండుపుల్లలు, టెలిఫోను తీగ, ఒక పసివాడి మేజోడు, ప్లాస్టిక్ సంచి, తెగిన చెప్పు పట్టీ. మధ్యలో మా ఎర్ర నాడా. దాని చుట్టూ మా కార్డులు, పరుపు పరిచినట్టు. వాటి మీద బూడిదరంగు నూగుతో రెండు పిల్లలు, మెడలు చాపి, నోళ్ళు తెరిచి నాకేసి చూస్తున్నాయి. నేను కార్డు అంచు పట్టుకుని లాగితే గూడంతా ఒక పక్కకు ఒరిగింది. ఒక పిల్ల జారి, కాళ్ళు తన్నుకుంటూ మళ్ళీ మధ్యలోకి పాకింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా మాట నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లల ముందు దాన్ని పైకి అనడానికి సిగ్గేసింది.

ఇంక దిగాలి. కాళ్ళు రాలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను. బకెట్లో నా గొంతు నాకే రెండింతలై వినిపించింది.

"ఎవరది? పండితులుగారా?"

అక్కయ్యగారు. ఆవిడ ఈ పన్నెండు రోజులుగా ఏడింటికే వచ్చి వెతుకుతోందని నాకు తెలీదు. బకెట్ ఉంది కదా, గుర్తుపట్టలేదులే అని కాసేపు ఉలకలేదు.

"మీ చెప్పులు నాకు తెలుసండీ. అక్కడేం చేస్తున్నారు?"

దాక్కోవడానికి ఆ స్తంభం మీద చోటు లేదు. రెండు చేతులతో ఇనుమును కరుచుకుని, గద్ద తంతుండగా, చెప్పాను.

"కార్డులు ఇక్కడున్నాయి అక్కయ్యగారూ. గుంజ కట్ట. తీసుకుంది నేనే. మీరు ఫోనులో ఉంటే చెయ్యి ఊపి తీసుకున్నాను. సంతకం పెట్టలేదు. కిటికీ గట్టు మీద పెడితే ఇది తన్నుకొచ్చింది. మీరొచ్చి అడిగితే సంతకం ఉందా అన్నాను. నివేదిక కూడా నేనే రాశాను."

అడుగుల చప్పుడు స్తంభం కిందికి వచ్చింది.

"చెయ్యి ఊపారు" అంది.

"ఊపాను."

"ఎడం చెయ్యి. కుడి చేతిలో కట్ట ఉంది."

"అవును."

"నీలం చొక్కా."

"అవునండీ."

"జేబుకి సిరా మరక."

"అవును. అన్నీ అవునే అక్కయ్యగారూ."

ఆవిడ ట్యాంకు గట్టు మీద కూలబడిన చప్పుడు వినిపించింది. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అంది. "తలకి స్కానింగు తియ్యాలన్నారు. బీరువా తాళాలు మా చెల్లెలికి ఇచ్చేశాను, ఎక్కడో పెట్టి మర్చిపోతానని. ఇంట్లో అన్నిటి మీదా కాయితం ముక్కలు అంటించుకున్నాను. ఇది పంచదార, ఇది ఉప్పు అని."

నాకు ఏడుపొచ్చింది. నన్ను తలుచుకుని కాదు, అందుకు అలవాటు పడ్డవాణ్ణే. ఆవిడ పంచదార డబ్బా మీద చీటీ అంటించుకుంటుండడం కళ్ళకు కట్టింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. బకెట్లోనే ఏడ్చాను.

"తీసుకురాగలరా?" అని అడిగింది కాసేపటికి.

"పిల్లలు వాటి మీదే ఉన్నాయండీ. లాగితే గూడు కూలుతుంది."

"అయితే లాగకండి. కనిపించినంత మటుకు చదవండి, నేను రాసుకుంటాను."

సంచిలోంచి ఏదో కాగితం తీసిన చప్పుడైంది. అది ముందుమాట జిరాక్సు అనీ, ఆవిడ రాసింది దాని వెనకవైపు అనీ తర్వాత చూశాను.

"గుంజ" అన్నాను. కింద అర్థం మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. "అర్థం కనిపించట్లేదండీ."

"నేలలో పాతిన కొయ్య స్తంభం. మీరు పట్టుకున్నది ఇనపది. తర్వాత?"

"గుటక."

"ఒక్కసారి మింగగలిగినంత. పాత వైద్య గ్రంథం, నలభై మూడో పేజీ."

"గుబులు."

"పైకి తెలియని దిగులు, భయం. ఉత్తరాల సంపుటి, రెండో భాగం" అని రాసుకుంది. "ఈమధ్య ఇంకో ఆధారం కూడా దొరికింది. చెప్పనులెండి."

ఈలోగా ఆఫీసు వాళ్ళు ఒక్కొక్కరే పైకి రావడం మొదలుపెట్టారు. పెద్దాయన గొంతు కూడా వినిపించింది. "ఏమిటిది?" అంటే ఆవిడ, "ఉండండి సార్, పని జరుగుతోంది" అంది. పెద్దాయనను అలా అనగలిగిన మనిషిని నేను అదే చూడడం. చూడడం అంటే వినడం.

"గురక" అన్నాను.

"నిద్రలో ముక్కుతోను, గొంతుతోను చేసే చప్పుడు. ఆధారం, పండితులుగారి సీటు, మధ్యాహ్నం మూడింటికి."

డాబా అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆవిడ నవ్విందా లేదా అని కిందికి చూశాను. అవును, కిందికి చూశాను. కళ్ళు తిరిగాయి. కానీ చూశాను. ఆవిడ నవ్వడం లేదు. కాగితం మీదికి వంగి, పిల్లవాడు పరీక్ష రాస్తున్నట్టు రాస్తోంది.

"గుర్తు" అన్నాను.

కలం ఆగింది.

"ఒకటో అర్థం చిహ్నం" అంది. "రెండో అర్థం జ్ఞాపకం. మూడు ఆధారాలు." మూడూ చెప్పింది. పుస్తకం, పేజీ, వాక్యంతో సహా. ఎవరూ నవ్వలేదు.

"ఇంక కనిపించట్లేదు అక్కయ్యగారూ. మిగతావన్నీ పిల్లల కింద ఉన్నాయి."

"అక్కర్లేదు" అంది ఆవిడ.

కాగితం మడిచేసింది. నేను చదివిన పద్దెనిమిదీ పోగా మిగిలిన పందొమ్మిది కార్డులూ వరసగా, చూసి చదివినట్టు, నిలబడి అప్పజెప్పింది. గుప్పిట, గుమ్మం, గులకరాయి, గూటం. ఏది ఎవరి దస్తూరీయో, దేనిమీద కాగితం ముక్క ఊడుతోందో కూడా. గూడు దగ్గరికి వచ్చి ఆపి, "ముప్పై ఏడు" అంది. ఆ మాట మాకు చెప్పింది కాదు. తనకు తాను చెప్పుకుంది.

నన్ను దింపింది తలకు కట్టు కట్టుకున్న ట్యాంకు మనిషి. ఒక్కో పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టాడు. "ఎడం కాలు సార్. అది కాదు సార్, రెండోది." కింద బకెట్ తీస్తే అందరూ నా మొహం చూశారు. నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నా నివేదిక తప్పని, కార్డులు పోగొట్టింది నేనేనని, తేటతెల్లము లాంటి మాటలు లేకుండా చెప్పాను. ఆయన రబ్బరు అడిగి తెప్పించుకుని, అక్కడే డాబా మీద, ముందుమాటలోని పెన్సిలు గీత చెరిపేశాడు. తర్వాత, "మీ ఒక్క మాట ఇంకా ఇవ్వలేదు మీరు. ఇవాళే ప్రెస్సుకు వెళ్ళాలి" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు అక్కయ్యగారు రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది. ఏ కార్డులు అన్న గడిలో గుంజ మొదలు గూడు వరకు అని రాశాను. ముందురోజు దొరికిన గువ్వ కార్డు ఆవిడ చేతికిచ్చి సంతకం పెట్టాను, మూడు వారాలు ఆలస్యంగా. ఎక్కడున్నాయి అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది. ఆవిడ కలం తీసుకుని తానే రాసింది. 'గద్ద గూటిలో.' పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆ కార్డుల జోలికి ఎవరూ వెళ్ళకూడదని కింద చిన్న అక్షరాలతో చేర్చింది.

ఆ గడి చూసి నా మాట వద్దన్నాను. గద్ద గూడు చేర్చమన్నాను. దానికి నా పాతికేళ్ళ హక్కు కూడా అక్కర్లేదు, రాతలో ఆధారం ఉంది: కార్డుల గది రిజిస్టరు. అర్థం ఆవిడనే రాయమంటే రాసింది. 'గద్ద ఎత్తున పెట్టుకునే గూడు. దగ్గరికి వెళ్తే తంతుంది.' అనువాదకురాలికి ఆ పూటే ఉత్తరం రాశాను, ఉంది అని.

సోమవారం ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి, ఏవో కార్డులు తిరిగి ఇమ్మంది. ఇచ్చాను. ఆవిడ వెళ్ళబోతుంటే, నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట అడిగేశాను.

"నన్ను క్షమించారా అక్కయ్యగారూ?"

ఆవిడ వెనక్కి తిరిగింది.

"రిజిస్టరులో సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"మరి?"

అంతకంటే ఏమీ చెప్పలేదు. కార్డులు పట్టుకుని వరండాలోంచి నడిచి వెళ్ళిపోయింది. మెట్ల మలుపు తిరిగేదాకా ఆవిడ నడుం దగ్గర బీరువా తాళాలు గలగలమంటూ వినిపించాయి.